మొదటి ముక్క

కాల్చిన పందిపిల్లని తలతో సహా బల్ల మీద పెట్టారు. ఓగ్నెన్ చొక్కా చేతులు పైకి మడిచాడు. పక్కటెముకల దగ్గర బాగా కాలి ఎర్రబడ్డ చోట ఒక ముక్క కోసి, కాగితం పళ్లెంలో పెట్టి, అరవై మంది చూస్తుండగా నెవెన్క ముందుకి చాపాడు.

"మొదటి ముక్క నీకే అక్కా. నువ్వు లేకపోతే నేనెక్కడ" అన్నాడు.

మాట నిజం. అబద్ధమైతే ఇంత మండేది కాదు. ఆస్ట్రియా గిడ్డంగుల్లో సరుకు కదిలించే ఆ సాఫ్ట్‌వేర్‌ని మొదటి వరస నుంచీ రాసింది నెవెన్క. ఎక్కడ ముట్టుకుంటే ఎక్కడ కదులుతుందో పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి ఓగ్నెన్‌కి నేర్పిందీ ఆమే. ఇప్పుడు ఆ జట్టుకి పెద్ద ఓగ్నెన్.

నీష్ ఊళ్లో పై కుర్చీ ఎక్కినవాడు తన చేత్తో కోసి ఆఫీసంతటికీ పెట్టాలి. పెట్టింది తినాలి. వద్దంటే పెట్టినవాడి మొహాన ఉమ్మినట్టే. నాలుగేళ్లలో నెవెన్క తిన్న విందుల్లో, తను పని నేర్పినవాడిది ఇది మూడోది. మూడూ మగవాళ్లవే. డైరెక్టర్ వుకాషిన్ ప్లమ్ పండ్ల సారా గ్లాసు పట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. నెవెన్క ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. అది గొంతు దిగిన తీరు ఆమె చాలా రోజులు మర్చిపోలేదు.

ఆ మధ్యాహ్నమే సిబ్బంది వ్యవహారాలు చూసే లిడియా గదిలోకి వెళ్లి, ఈసారి నాకే అన్నారు కదా అని నిలదీసింది. లిడియా కళ్లజోడు తీసి జాలిగా చూసింది. పనితనం ఉంటే సరిపోదంది. నలుగురిలో మసలాలంది, నలుగురికీ తెలియాలంది. అందుకే కంపెనీ ఆడవాళ్ల కోసం 'మహిళల వలయం' పెడుతోందని చెప్పింది. నెలకోసారి కలిసి ఫలహారం, బెల్‌గ్రేడ్ నుంచి వక్త, ఒక్కొక్కరికీ దారి చూపించే ఒక పెద్దదిక్కు. నెవెన్కకి పెద్దదిక్కు లిడియానే.

"ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది బంగారం. మనసులో ఏదున్నా చెప్పుకో" అంది.

నెవెన్క చెప్పుకుంది. తల్లికి పక్షవాతం వచ్చిందనీ, మంగళవారాలు నాలుగింటికే వెళ్లి ఆమెకి స్నానం చేయించాలనీ చెప్పింది. రెండో బిడ్డని కనాలని ఉందనీ, ఆ మాట మొగుడితో కూడా ఇంకా తేల్చుకోలేదనీ చెప్పింది. లిడియా తల ఊపుతూ రాసుకుంది.

వలయం మొదటి ఫలహారం బాగానే జరిగింది. పదకొండు మంది ఆడవాళ్లకి పదకొండు గులాబీరంగు నోటు పుస్తకాలిచ్చారు. వక్త వచ్చి, పొద్దున్నే అద్దం ముందు నిలబడి నేను చేయగలను అని పదిసార్లు అనుకోమంది. వెనక వరసలో ఉన్న తియానా, ఇరవై ఆరేళ్ల పిల్ల, గొంతు తగ్గించకుండానే అనేసింది: "అద్దానికి తెలుసు మేడమ్. తెలియాల్సింది అద్దానికి కాదు." నవ్వులు లేచాయి. లిడియా ఫోటో తీయించింది. ఫోటో కంపెనీ పేజీకెక్కింది. అంతటితో ఆ నెలకి ఆడవాళ్ల ఎదుగుదల అయిపోయింది.

ఎవరు ఎదగాలో తేలేది అక్కడ కాదని ఆఫీసులో అందరికీ తెలుసు. బుధవారం సాయంత్రం గుడారం కప్పిన మైదానంలో మగవాళ్లు బంతాట ఆడతారు. గోలు కాసేది వుకాషిన్. ఆట అయ్యాక పక్కనే మాంసం కాల్చే దుకాణంలో కూర్చుంటారు. ఎవరికి ఏ పని, ఎవరికి ఏ కుర్చీ, అన్నీ ఆ బల్ల మీదే పంచుకుంటారు. నలుగురిలో మసలమన్నారు కదా అని నెవెన్క ఒక బుధవారం ఆ దుకాణానికి వెళ్లింది. మగవాళ్లు మర్యాదగా లేచి చోటిచ్చారు, పళ్లరసం తెప్పించారు, బాబు ఎలా ఉన్నాడని అడిగారు. ఆ తర్వాత ఎవరికీ మాట దొరకలేదు. అరగంట కూర్చుని లేచింది. తలుపు దాటకముందే వెనక మాటలు మళ్లీ మొదలయ్యాయి.

వలయం మూడో ఫలహారం నాడు జరిగింది అసలు సంగతి. లిడియా తన కంప్యూటర్‌ని గోడ మీది తెరకి తగిలించింది. విజయానికి ఏడు మెట్లని ఏదో బొమ్మ చూపించాలని ఆమె ఉద్దేశం. వేలు ఒక వరస కిందకి జారింది. తెర మీద పట్టిక తెరుచుకుంది. పదకొండు పేర్లు. పేరు పక్కన, చెవిలో చెప్పుకున్న సంగతులు.

నెవెన్క: తల్లికి పక్షవాతం. మంగళవారం త్వరగా వెళ్తుంది. రెండో బిడ్డ ఆలోచన. పై పని ఇవ్వొద్దు.

తియానా: వేసవిలో పెళ్లి. కాంట్రాక్టు పొడిగించే ముందు ఆలోచించాలి.

లిడియా తడుముకుని మూసేసేలోపు పదకొండు జతల కళ్లూ ఎవరి వరస వాళ్లు చదివేసుకున్నాయి. పొరపాటున పాత కాగితం వచ్చిందని లిడియా నీళ్లు నమిలింది. తియానా లేచి గులాబీరంగు పుస్తకాన్ని వెన్న గిన్నెలో నిలబెట్టి బయటికి నడిచింది. ఒకరి వెనక ఒకరు అందరూ నడిచారు.

నడిచి ఎక్కడికి వెళ్లాలి? గదులన్నిటికీ గాజు గోడలే. వరండా చివర చీపుళ్ల గది తలుపు తీసి ఉంది. ఊడ్చే దెసాంక పిన్ని లోపల బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని రొట్టె తింటోంది. పదకొండు మంది చొరబడేసరికి కాళ్లు ముడుచుకుంది.

అక్కడ మొదట జరిగింది పోరాటం కాదు, తగువు. నువ్వెందుకు చెప్పావంటే నువ్వెందుకు చెప్పావని ఒకరినొకరు దెప్పుకున్నారు. ఒకామె ఏడ్చింది. ఇంకొకామె వేరే కంపెనీ చూసుకుంటానంది. "వేరే చోట బుధవారం ఉండదా?" అంది నెవెన్క.

దెసాంక రొట్టె పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, ఇదే హాల్లో తను పద్దెనిమిదేళ్లు టీవీల లోపలి తీగలు అతికిన సంగతి చెప్పింది. అప్పుడిది ఫ్యాక్టరీ. ఇంజనీరుతో చేపలు పట్టడానికి నదికి వెళ్లినవాడే మేస్త్రీ అయ్యేవాడు. ఆడవాళ్లకి మార్చి ఎనిమిదిన తలా ఒక పువ్వు.

"అప్పుడు చేపలు, ఇప్పుడు బంతి. అంతే తేడా" అంది.

మరి మీరేం చేశారు పిన్నీ అని అడిగింది తియానా.

"పని ఆపితే గేటు బయటికి తోస్తారు కదా. పని ఆపలేదే అమ్మాయ్. నేర్పడం ఆపాం. కొత్తగా వచ్చిన ప్రతి మగాడికీ చెయ్యి పట్టుకుని తీగ అతకడం నేర్పింది మేమే. అది మా పని అని ఏ కాగితంలోనూ లేదు. లేని పని మానేస్తే ఎవడేం పీకుతాడు? నెల తిరిగేసరికి సగం టీవీల్లో బొమ్మ తలకిందులుగా వచ్చింది."

నవ్వొచ్చింది అందరికీ. నవ్వు ఆగాక ఎవరు ఎవరికి నేర్పారో చెప్పుకోవడం మొదలుపెట్టారు. నాలుగేళ్లలో పై కుర్చీలెక్కిన తొమ్మిది మంది మగవాళ్ల పేర్లొచ్చాయి. తొమ్మిది మందికీ గురువు ఆ గదిలోనే ఉంది. అన్నాళ్లూ ఒక్కొక్కరూ తనొక్కతే వెర్రిబాగుల్ది అనుకున్నారు.

మర్నాడు ఓగ్నెన్ నెవెన్క బల్ల దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఒక్క నిమిషం" అన్నాడు. అతని ఒక్క నిమిషమంటే పూట.

నెవెన్క తెల్లకాగితం అతని వైపు జరిపింది. "ఎవరు అడుగుతున్నారు, ఎవరు నేర్పుతున్నారు, ఏ పని. రాసి కింద సంతకం పెట్టు. నేర్పుతా."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. సంతకం పెడితే తనకి పని రాదని ఒప్పుకున్నట్టే. పెట్టకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు పదకొండు బల్లల దగ్గరా పదకొండు తెల్లకాగితాలున్నాయి. ఎవరి పని వాళ్లు గీత తప్పకుండా చేశారు. ఆ పైన గోరంత కూడా చేయలేదు. భోజనాల వేళ మాత్రం చీపుళ్ల గదిలో ఒకరికొకరు నేర్పుకున్నారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఆమె కోడ్ రాయడం నేర్చుకుంది. తియానా సర్వర్ల పని నేర్చుకుంది. ఏ ఊళ్లో ఏ పని ఖాళీ ఉందో, ఎవరి గురించి ఎవరితో గట్టిగా చెప్పాలో అక్కడే మాట్లాడుకున్నారు. వక్త లేదు, వెన్న లేదు. చెప్పింది మాత్రం ఆ గది దాటలేదు.

నాలుగో రోజు చీపుళ్ల గది తలుపు దగ్గర మియోద్రాగ్ నిలబడ్డాడు. కుంటికాలు. పదేళ్లుగా అదే కుర్చీ. "బంతి తన్నలేనివాళ్లకి ఇక్కడ చోటుందా?" అని అడిగాడు. మగవాడెందుకని ఇద్దరు గొణిగారు. "కాలు ఆడని మగాడు బుధవారానికి ఆడదాని కిందే లెక్క, రానియ్యండి" అంది దెసాంక. ఆ మాటతో నెవెన్కకి ఒకటి తేటపడింది. ఇది మగవాళ్ల మీద కోపం కాదు. తలుపు మూసి పంచుకునేవాళ్ల మీద కోపం.

ఆ రోజే కోర్కెలు రాశారు. ఖాళీ అయిన ప్రతి కుర్చీ సంగతీ గోడ మీద పెట్టాలి. ఎంపిక పగలు, ఆఫీసులో, తాము ఎన్నుకున్న ఇద్దరి ముందు జరగాలి. ఆ పట్టికని అందరి కళ్ల ముందూ చెరిపేయాలి. పన్నెండు సంతకాలు. మొదటిది తియానాది.

వుకాషిన్ ఆ కాగితం చదివి, నేను ఆడవాళ్ల కోసం చేసినంత ఈ ఊళ్లో ఎవడు చేశాడని మండిపడ్డాడు. మూడో వారం ఆస్ట్రియా నుంచి ఫోన్ల మీద ఫోన్లు. సరుకు ఒక గిడ్డంగికి బదులు ఇంకో గిడ్డంగికి పోతోంది. ఓగ్నెన్ జుట్టు పీక్కుంటున్నాడు. సోమవారం తియానాకి కాంట్రాక్టు పొడిగించడం లేదని ఉత్తరం ఇచ్చారు. మంగళవారం నెవెన్కని పిలిచారు.

వుకాషిన్ కాఫీ తెప్పించాడు. ఓగ్నెన్‌ని వేరే జట్టుకి పంపుతున్నానన్నాడు. "కుర్చీ నీది. నీ మంగళవారాలు నీకుంటాయి. శుక్రవారం విందు, పందిపిల్ల ఖర్చు కంపెనీది. ఆ కాగితాల గోల మాత్రం ఆపించు."

మరి తియానా అని అడిగింది నెవెన్క.

"తర్వాత చూద్దాం. ముందు నీ సంగతి చూసుకో."

నాలుగేళ్లుగా ఆమె ఎదురుచూసింది ఆ మాట కోసమే. అప్పుడే కాదనలేకపోయింది. ఇంటికెళ్లి తల్లికి స్నానం చేయిస్తూ చెప్పింది. సగం మాట పడిపోయిన తల్లి చాలాసేపు తంటాలు పడి ఒకే మాట అడిగింది: "కుర్చీ... నీకా, ఆపడానికా?"

సంగతి తెల్లారేసరికి పాకింది. చీపుళ్ల గదిలో ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. తన సామాను అట్టపెట్టెలో సర్దుకుంటున్న తియానా మాత్రం చూసింది. "తీసుకో అక్కా. వలయం పనిచేసిందని ఇంకో ఫోటో వేసుకుంటారు" అంది. ఆ మాట గుచ్చుకుంది. ఏమన్నా నమ్మే స్థితిలో ఎవరూ లేరని నెవెన్కకి తెలుసు.

శుక్రవారం బల్ల మీద పందిపిల్ల, రొట్టెలు, సారా. గోడల పొడుగునా అరవై మంది. వుకాషిన్ నాలుగు మాటలు చెప్పి కత్తి నెవెన్క చేతిలో పెట్టాడు. ఫోటో తీయడానికి లిడియా సిద్ధంగా ఉంది.

నెవెన్క పక్కటెముకల దగ్గర బాగా కాలిన ముక్క కోసింది. పళ్లెంలో పెట్టింది. అందరినీ దాటుకుంటూ వెళ్లి వుకాషిన్ ముందుకి చాపింది.

"మొదటి ముక్క మీదే డైరెక్టర్ గారూ. ఈ విందు మీది. నేను ఏ కుర్చీ ఎక్కలేదు."

కుర్చీ ఖాళీ అని గోడ మీద పెట్టమంది. తియానాని వెనక్కి పిలవమంది. పగలు, అందరి ముందూ, పని చూసి ఎంచమంది. "అప్పుడు ఎవరికొచ్చినా సరే, ఓగ్నెన్‌కే వచ్చినా సరే, వాళ్ల విందుకి నేనే ముందు వచ్చి తింటాను. ఇది మాత్రం ఇక నా గొంతు దిగదు."

వుకాషిన్ మొహం మాడిపోయింది. పళ్లెం బల్ల మీద పడేసి అందరినీ తినమన్నాడు. ఎవరి చెయ్యీ కదలలేదు. తినండని గట్టిగా అరిచాడు. దెసాంకతో కలిపి పది మంది ఆడవాళ్లు చేతులు వెనక్కి కట్టుకున్నారు. మియోద్రాగ్ కట్టుకున్నాడు. కిటికీ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్లూ కట్టుకున్నారు. ఓగ్నెన్ రొట్టె వైపు చాపిన చేతిని సగంలో ఆపి, జేబులో పెట్టుకున్నాడు. అరవై మందీ మారలేదు. తిన్నవాళ్లు తిన్నారు. కానీ తల ఎత్తి తినలేదు.

లిడియా ఫోటో తీయలేదు. గంటలోపే నెవెన్కకి ఉత్తరం తెచ్చిచ్చింది. పనిలోంచి తీసేశారు, క్రమశిక్షణ తప్పినందుకు, ఈ రోజు నుంచే. నెవెన్క దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుని మెట్లు దిగింది. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని భయం. గేటు దగ్గర, విందుకి రాకుండా ఆఖరి రోజు ముగించుకున్న తియానా అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. నెవెన్క వెనక ఎంతమంది వస్తున్నారో ఆ పిల్ల కళ్లలో కనిపించింది.

గాలి ఈడ్చి కొడుతోంది. ఆ పాత ఫ్యాక్టరీ భవనంలో ఇంకా నాలుగు కంపెనీలున్నాయి. ఒక్కొక్క అంతస్తులో కిటికీలు తెరుచుకున్నాయి. ఏమైంది అని పైనుంచి అడిగారు. తియానా కిందనుంచే చెప్పింది, బుధవారం సంగతీ, పట్టిక సంగతీ. చెప్తుంటే పై అంతస్తుల్లో మాకూ వలయం ఉంది అని ఒక గొంతు, మాకూ ఉంది అని ఇంకో గొంతు.

మూడో అంతస్తు నుంచి ఒకామె కోటు భుజాన వేసుకుని దిగొచ్చింది. ఎవరికీ తెలియని మొహం. చుట్టూ చూసి, వయసులో పెద్దదని దెసాంకని అడిగింది, మీరెక్కడ కూర్చుని మాట్లాడుకుంటారని.

"చీపుళ్ల గదిలో" అంది దెసాంక. "సోమవారం భోజనాల వేళ రా. తాళం నా దగ్గరే ఉంటుంది. పనిలోంచి తీసేసిన ఈ ఇద్దర్నీ గేటు దగ్గర ఆపితే నాతో ఊడ్చేవాళ్లమని చెప్పి లోపలికొస్తారు. ఇరుకమ్మాయ్. నీ కుర్చీ నువ్వే తెచ్చుకో."