రాజాన్ని కన్నతల్లి

సిరిసిల్ల నుంచి వేములవాడకు బస్సులో అరగంట. ఆ అరగంట ప్రయాణానికి మా అమ్మ ఐలవ్వకు ఏళ్లకేళ్లు పట్టింది. అమ్మను మేం అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. అన్నాళ్లూ నాకు ఒళ్లు మండుతూనే ఉండేది.

మా బాపు సాంబయ్య సాంచాల మీద బట్ట నేసేవాడు. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ముగ్గురు ఆడపిల్లల తర్వాత రాజం పుట్టుక. బడిలో రాయించిన పేరు లక్ష్మీరాజం. ఆ ముగ్గురిలో చివరిదాన్ని నేను, కనకవ్వను. రాజాన్ని చంకనేసుకొని తిప్పింది నేనే కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాదే. కాదనేవాళ్లుంటే వచ్చి నాతో మాట్లాడవచ్చు.

చిన్నప్పటి నుంచి రాజం తీరే వేరు. బీడీలు చుట్టే ఆడవాళ్ల పక్కన చేరి పాటలు, సాంచాల దగ్గర మగవాళ్లతో సమానంగా పని, లాల్చీ మీద కొంగు, నుదుట రూపాయంత బొట్టు. బాపు పెళ్లి మాట ఎత్తిన రోజు రాజం నోటి నుంచి వచ్చిన మాట నాకిప్పటికీ గుర్తుంది.

"నేను మొగోన్ని కాను బాపూ. ఆడిదాన్ని గుడ కాను. నన్ను గిట్లనే ఉండనియ్యి."

బాపు చెయ్యి లేచింది. మర్నాడు పొద్దున రాజం పక్క ఖాళీగా ఉంది. ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దని బాపు ఒట్టు పెట్టాడు.

వేములవాడ రాజన్న గుడిలో ఒక ఆచారం ఉంది. శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణం జరుగుతుంటే, రాజన్నగా కొలిచే శివుణ్ని మనువాడిన, శివపార్వతులని పిలిచే భక్తులు త్రిశూలాలు పట్టుకొని ఒకరి మీద ఒకరు తలంబ్రాలు పోసుకుంటారు. వాళ్లలో ఆడవాళ్లుంటారు, మగవాళ్లుంటారు, మా రాజం లాంటి వాళ్లూ ఉంటారు. ఆ ఒక్క రోజు నువ్వెవరని ఎవరూ అడగరు. మిగతా రోజుల్లో అడగడానికి లోకానికి బోలెడంత తీరిక. రాజానికి ఆ గుంపులో చోటు దొరికింది.

ఎనభై నాలుగులో కరీంనగర్ రేడియో దుకాణం ఉపేందర్‌రావు నవమికి వచ్చి, రాజం పాట విని క్యాసెట్ చేయించాడు. మగ్గంలో దారాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు మోసుకుపోయే నాడె మీద రాజం కట్టిన పాట అది.

*అటువోయి ఇటువచ్చే నాడెకు*
*ఏ అంచు పుట్టినిల్లమ్మో*

జమ్మికుంట పత్తి మార్కెట్లో అదే పాట. శ్రీరాంపూర్ బొగ్గుబాయిల దగ్గర చాయ్ హోటళ్లలో అదే పాట. పెళ్లి బ్యాండు వాళ్లు కూడా దాన్నే వాయించారు. కవర్ మీద మాత్రం ఎవరో మల్లెపూల అమ్మాయి బొమ్మ. రెండో క్యాసెట్‌కూ ఆ అమ్మాయే, చీర రంగు మారిందంతే. మూడోదానికి రాజం మొండికెత్తడంతో ఉపేందర్‌రావు తల పట్టుకున్నాడు.

"నీ మొఖం జూస్తే ఎవడు కొంటడు? జర నా మాట ఇను."

"గొంతు నాదైనప్పుడు మొఖం గుడ నాదే ఉండాలె. లేకుంటే పాడ."

అతను ఏడుపు మొహంతోనే అచ్చు వేయించాడు. ముందు రెండూ కలిపినా అంత అమ్ముడుపోలేదు. ఆ తర్వాత ఆ ఆలోచన తనదేనని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

కవర్ చూడగానే సిరిసిల్లకు సంగతి తెలిసిపోయింది. బీడీలు చుట్టే చోటికి అవ్వ రాగానే ఆడవాళ్లు గబుక్కున టేప్‌రికార్డర్ ఆపేశారు. అవ్వ చాట కింద పెట్టి, "బంద్ జేసిండ్రేంది? పెట్టుండ్రి" అంది. పాట అయిపోయేదాకా చేతులు ఆపలేదు, తల ఎత్తలేదు. ఇంకేం, వచ్చే నవమికి తీసుకుపోవచ్చని నేను సంబరపడ్డాను. అవ్వ రాలేదు. బాపు చనిపోయాక కూడా రాలేదు.

"ఇంకా ఎవలకు భయపడుతున్నవే అవ్వ?" అని నేను కసురుకుంటే ఆకు కత్తిరిస్తూ కూర్చునేది.

వేములవాడలో రాజం గది గడప తొక్కగానే నాకు ఎదురయ్యే మాట ఒకటే. "అవ్వ అస్తదా అక్కా?"

ఓసారి విసుగొచ్చి అనేశాను. "దునియా అంత ఇంటున్నది నీ పాట. అవ్వొక్కతి వినకుంటే ఏమాయె?"

"అవ్వ వినకుంటే పాడినట్టే అనిపియ్యదక్కా."

చాయ్ తాగి బస్సెక్కాను. దారంతా ఏడుపొచ్చింది.

ఆ మరుసటి ఏడు ఆదిలాబాద్ నుంచి దేవదాస్ అనే దర్జీ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ప్యాంటు, చొక్కా, చేతులకు గాజులు. చేతిలో రాజం బొమ్మ ఉన్న క్యాసెట్. వస్తూనే, వాళ్ల వైపు అమ్మను పిలిచినట్టు ఆయీ అంటూ అవ్వ కాళ్ల మీద పడ్డాడు.

"ఆయీ, నాలాంటోళ్ల మొఖం గిట్ల అట్ట మీద ఉంటదని నాకు ఎరికలేకుండె. గిది జూసినంకనే బతకాలనిపిచ్చింది. రాజాన్ని కన్నతల్లివి నువ్వే గదా? గందుకే కాళ్లు మొక్కనీకి అచ్చిన."

అతను వెళ్లాక కూడా అవ్వ అక్కడే కూర్చుంది, కాళ్లు ముడుచుకోకుండా.

ఆ నవమికి తనే నన్ను లేపింది. "నడువు, బస్ పోతది."

గుడిలో తలంబ్రాలు అయిపోయాయి. మెట్ల దగ్గర రాజం పాట, చుట్టూ దేవదాస్ లాంటి వాళ్లు గొంతు కలుపుతున్నారు. అవ్వ అటు పోలేదు. నేరుగా కోడెల దగ్గరికి నడిచింది. పిల్లలు పుడితే కోడెను గుడి చుట్టూ తిప్పి కడతామని రాజన్నకు మొక్కుకుంటారు. ఈ వయసులో ఈమెకేం మొక్కని నాకు అర్థం కాలేదు. పరుగున పోయి రాజాన్ని పిలుచుకొచ్చేసరికి అవ్వ పలుపు పట్టుకొని నిలబడి ఉంది.

"అవ్వా," అంది రాజం గొంతు.

అవ్వ కోడె వీపు నిమురుతూ మాట్లాడింది. "ముగ్గురు ఆడివిల్లలైనంక మీ నాయినమ్మ నన్ను కొడుకును అడుగుమని గీడికి పంపింది. గిదే జాగల నిలవడ్డ. పానం బాగ అలిసి ఉండె. ఒక్క సంతానం ఇయ్యి సామీ అన్న. కొడుకు అనుడు యాదిమరిచిన. ఇంటికి పోయి, కొడుకునే అడిగిన అని అబద్ధం జెప్పిన. నువ్వు ఇల్లిడిసినంక తెలిసింది, నా నోటి తప్పే నీకు తగిలిందని. ఏ మొఖం పెట్టుకొని నీ దగ్గరికి రావాలె?"

అవ్వకు రాజం వల్ల సిగ్గని ఇన్నేళ్లూ నేను అనుకున్నాను. అవ్వ సిగ్గుపడింది తన గురించి.

రాజం కళ్లు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఇప్పుడు మళ్ల మొక్కుమంటే ఏమని మొక్కుతవు అవ్వా?"

"గప్పుడన్న మాటే అంట. నువ్వు పుట్టినంక మీ బాపు కట్టిన కోడె, కొడుకును అడిగిందానికి. నేను అడిగిందానికి ఇంకా కట్టలే."

సాయం పట్టడానికి రాజం చెయ్యి పలుపు మీద పడింది. అవ్వ ఇవ్వలేదు. జరుగమని చెప్పి, కోడెను తనే నడిపించుకుంటూ ముందుకు పోయింది.