ఆంప్లిఫయరుకు రెండు వంతులు

సమాధానం రొయ్యల గుంటల మీద జనరేటర్లు బాగుచేసే మెకానిక్. కోట నుంచి వాకాడు దాకా ఏ కట్ట మీద డీజిల్ ఇంజను మొరాయించినా అతనికే ఫోన్ వచ్చేది. ఇంజను పక్కన కళ్లు మూసుకుని నిలబడి కాసేపు వింటే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేవాడు. రేకుల షెడ్లలో ఆ మోత పక్కనే పాతికేళ్లు గడిచిపోయాయి.

అతని భార్య క్యాథరిన్ చర్చిలో పాడుతుంది. సమాధానం ఆమె ముఖం చూడకముందే గొంతు విన్నాడు. ఆ గొంతు కోసమే పెద్దవాళ్ల దగ్గర పట్టుబట్టి సంబంధం అడిగించాడు. ఇంట్లో ఒక మంచి పాటల సెట్టు పెట్టుకోవాలని ఇద్దరికీ పెళ్లినాటి నుంచీ కోరిక. పిల్లల చదువులూ ఇల్లు కట్టుకోవడమూ అయ్యాక, నిరుడు చీటీ పాడితే అరవై వేలు చేతికొచ్చాయి.

ఆ డబ్బును ఎలా పంచాలన్న దగ్గర మాటా మాటా వచ్చింది.

"ఆంప్లిఫయరే ముఖ్యం. అది ఇంజను లాంటిది. ఇంజను బలంగా ఉంటే బండి దానంతటదే పోతాది," అన్నాడు సమాధానం.

"పాడేది స్పీకరు గదయ్యా. ఇంజను ఎంత పెద్దదైతే ఏం, గొంతు బాగలేకపోతే ఎవురు వింటారు?"

అతను నవ్వి ఒప్పుకున్నాడు. స్పీకర్లకు రెండు వంతులు, ఆంప్లిఫయరుకు ఒక వంతు. నలభై, ఇరవై. అలా అనుకునే నెల్లూరు బస్సెక్కారు.

ట్రంకు రోడ్డు పక్క సందులో నరేంద్రబాబు దుకాణం. అతనూ క్యాథరిన్ మాటే అన్నాడు. "మామూలు గదికి ఈ చిన్న ఆంప్లిఫయరు చాలన్నా. డబ్బు స్పీకర్ల మీద పెట్టండి. మీకు బాగా తెలిసిన పాట ఏదన్నా ఇయ్యండి, రెండు జతల మీదా వినిపిస్తా. తేడా మీకే తెలస్తాది."

క్యాథరిన్ ఫోన్‌లో క్రిస్మస్ రోజు ఆమె పాడిన పాట ఉంది. ఎవరో పక్కన నిలబడి శుభ్రంగా రికార్డు చేశారు. నరేంద్రబాబు దాన్ని ముందు చవక స్పీకర్ల మీద, తర్వాత నలభై వేల జత మీద పెట్టాడు. రెండోసారి క్యాథరిన్ తన గొంతు తనే విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చరణానికీ చరణానికీ మధ్య తాను ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది.

"రెండూ ఒకటే గదా," అన్నాడు సమాధానం. "రెండిట్లోనూ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పాడినట్టుండాది. ఆంప్లిఫయరుకు బలం చాల్లేదు."

నరేంద్రబాబు మొహమాటంగా క్యాథరిన్ వైపు చూశాడు. "గుడ్డేం లేదన్నా. ఇంకోసారి పెడతా. తాళాలు వినండి, ఎంత విడిగా వస్తా ఉండాయో."

"ఏం తాళాలు?" అన్నాడు సమాధానం.

పాట సాగుతూనే ఉంది. తాళాలు గదంతా మోగుతున్నాయి. సమాధానం మాత్రం స్పీకరు వైపు మెడ చాచి, వాటి కోసం వెతుకుతున్నట్టు చూస్తున్నాడు.

క్యాథరిన్‌కు రెండు మూడేళ్లుగా ఇంట్లో జరుగుతున్న తగాదాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పిలిస్తే పలకడని ఆమె కోపం. నోట్లో గొణుగుతావని అతని కోపం. భర్తకు తన మీద మనసు విరిగిందనే ఇన్నాళ్లూ అనుకుంది.

సమాధానం ఇద్దరి ముఖాలూ చూశాడు. అతనికి అర్థమైంది. అర్థమైనందుకే గొంతు పెంచాడు.

"ఆ పెద్ద ఆంప్లిఫయరు ఎంత?"

నలభై వేలన్నాడు నరేంద్రబాబు. వద్దని రెండుసార్లు చెప్పి చూశాడు. క్యాథరిన్ పరాయివాడి ముందు భర్తను చిన్నబుచ్చలేక ఊరుకుంది. ఆంప్లిఫయరుకు రెండు వంతులు, స్పీకర్లకు ఒక వంతు పెట్టి సెట్టు ఇంటికి తెచ్చుకున్నారు.

ఇంట్లో సన్నటి శబ్దాలు పెంచే నాబ్ చివరిదాకా తిప్పి పెట్టేవాడు సమాధానం. పాట గాజుపెంకులతో గీకినట్టు వచ్చేది. క్యాథరిన్ తల పట్టుకుని వాకిట్లోకి వెళ్లి కూర్చునేది. ఒకరోజు ఉండబట్టలేక అంది.

"నెల్లూరులో చెవుల డాక్టరుకు ఒకసారి చూపించుకుందాం రాయ్యా."

"నాకు చెవుడని ఊరంతా చెప్పు. చెవిటి మెకానిక్కును ఎవుడు పిలస్తాడు? ఏం తింటాం?"

క్యాథరిన్ మళ్లీ వాకిట్లోకి వెళ్లిపోయింది.

ఎండలు ముదిరిన రోజుల్లో పెంచలకృష్ణ అనే రైతు అతన్ని తన గుంట దగ్గరికి పిలిచాడు. రొయ్య పట్టుబడికి వచ్చింది, జనరేటర్ ఒకసారి చూసిపొమ్మన్నాడు. సమాధానం ఎప్పటిలాగే కళ్లు మూసుకుని విన్నాడు. ఇంజను బండ మోత సాఫీగా ఉంది. "ఏం భయం లేదు," అని చెప్పి వచ్చేశాడు.

రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున కరెంటు పోయింది. జనరేటర్ వేసిన కాసేపటికే బేరింగు పట్టేసి ఇంజను ఆగిపోయింది. నీళ్లలో గాలి కలిపే చక్రాలు నిలిచిపోయాయి. మరో ఇంజను తెచ్చేలోపు రొయ్యలన్నీ ఊపిరాడక చచ్చాయి.

సమాధానం వెళ్లేసరికి కట్ట పొడుగునా చచ్చిన రొయ్యల తెల్లటి తెట్టు. పెంచలకృష్ణ గట్టు మీద కూలబడి ఉన్నాడు. తిట్టలేదు. ముఖం ఎత్తి గట్టిగా అడిగాడు.

"అన్నా, అది నాలుగు రోజులుగా సన్నగా కూత పెడతానే ఉండాది. అన్నం తెచ్చిన మా కూతురు రేవతి గూడా విని, ఇదేం కూత అనింది. అందుకే గదా నిన్ను పిలిచింది. ఆ పొద్దు నువ్వు విన్నప్పుడు గూడా కూస్తానే ఉండె. నువ్వు భయం లేదంటే, నీకన్నా నాకు తెలుసా అని ఊరుకున్నా. నీకు వినపడలేదా?"

చుట్టుపక్కల గుంటల వాళ్లు చాలామంది చేరి ఉన్నారు. సమాధానం అందరినీ చూశాడు.

"వినపడలా," అన్నాడు. "చానాళ్లుగా వినపడ్డం లేదు. చెప్పకుండా దాచినా."

అతను సంచిలో రెంచీలు సర్దుకుని ఇంటికి నడిచాడు. ఆ రోజు తర్వాత అతనికి ఫోన్లు రాలేదు.

సెట్టును నరేంద్రబాబే సగం ధరకు వెనక్కి తీసుకున్నాడు. ఆ డబ్బు పట్టుకుని దంపతులిద్దరూ పెంచలకృష్ణ ఇంటికి వెళ్లారు. అతనికి పోయినదాంట్లో అదొక మూలకు కూడా రాదు. అయినా చెయ్యి చాచాడు.

"వద్దనాలనే ఉండాది అన్నా. మేత కొట్టుకు కట్టాల. వద్దనే స్థితిలో లేను," అన్నాడు తల దించుకుని.

చెవుల డాక్టరు పరీక్ష చేసి, లోపలి నరాలు దెబ్బతిన్నాయని, పోయింది తిరిగి రాదని చెప్పాడు. చెవికి మిషను పెడితే శబ్దం పెరుగుతుందే గానీ మాట తేటపడుతుందని హామీ ఇవ్వలేనన్నాడు. క్యాథరిన్ ఒక జత కమ్మలు తాకట్టు పెట్టి మిషను కొనిచ్చింది. పెట్టుకున్న మొదటి రోజు గిన్నెల చప్పుడూ, ప్లాస్టిక్ సంచి గరగరా తలలో దూరాయి. భార్య మాట మాత్రం మునుపటిలాగే దూరం నుంచి వచ్చింది. దాన్ని తీసి పెట్టెలో పెట్టాడు.

ఇప్పుడతను వాకాడు పక్కన ఒక రైతు వరి పొలానికి కాపలా ఉంటాడు. అక్కడ వినవలసినదేమీ లేదు. జీతం మునుపటి సంపాదనలో నాలుగోవంతు.

ఆదివారం మాత్రం మిషను పెట్టుకుని చర్చికి వెళతాడు. ముందు వరసలో కూర్చుని ఆమె పెదవులనే చూస్తాడు. పోయిన వారం క్యాథరిన్‌కు జలుబు చేసి, పైస్థాయిలో గొంతు రెండుచోట్ల విరిగింది. పాట సగంలో తడబడి ఆగి, మళ్లీ అందుకుంది. ఇంటికి వస్తూ దారిలో అడిగింది.

"ఈ పొద్దు ఎట్లా పాడినాను?"

"చానా బాగా పాడినావు," అన్నాడు సమాధానం.

ఆమె కొంగు తలమీదికి లాక్కుని, అతని పక్కనే ఎండలో నడిచింది.