జెండా హాడ్లాక్

మా అయోవా శాసనసభలో ఆరిన్ హాడ్లాక్‌ను అందరూ జెండా హాడ్లాక్ అనేవారు. ఉత్తర దక్షిణాల అంతర్యుద్ధంలో, షైలో దగ్గర, మా పటాలం జెండాను నేల తగలకుండా అందుకున్నది వాడేనని మా జిల్లాలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మూడుసార్లు వాడిని గెలిపించింది ఆ జెండాయే. అదే యుద్ధంలో నా కాలు ఒకటి పోయింది. గెలిచాక వాడు నాకు సభ తలుపు దగ్గర కాపలా ఉద్యోగం ఇప్పించాడు. ఆ విశ్వాసం నాకుంది. కానీ పోయింది కాలే గానీ కళ్లు కాదు కదా! ఆ రోజు వాడు జెండా అందుకోలేదు.

జెండా పట్టినవాడు పడిపోతే పక్కవాడు అందుకోవాలి. పట్టింది నేహమ్ విట్‌కోంబ్, పక్కవాడు ఆరిన్. నేహమ్‌కి గుండు తగిలింది. ఆరిన్ గడ్డిలో మొహం దూర్చి పడుకుండిపోయాడు. వెనక వరసలోంచి ఇంకెవడో పరుగెత్తుకొచ్చి జెండా ఎత్తాడు. సాయంత్రానికి వాడూ లేడు. తర్వాత ఎన్నికల సభల్లో ఆరిన్‌ను పరిచయం చేసే పెద్దమనుషులు కథను తమకు నచ్చినట్టు అల్లుకున్నారు. ఆరిన్ ఔననలేదు, కాదనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మావాడిది పూర్తి అంగీకారమే.

"కాదని ఒక్కసారి చెప్పెయ్యరా, పీడా పోతుంది," అన్నాను మొదటి ఎన్నికలప్పుడు.

"ఓడిపోయాక చెప్తాలే, లెమ్," అన్నాడు.

ఓడిపోలేదు. అదే వాడి ఖర్మ.

సభ జరిగే రోజుల్లో వాడు రోజూ ఆయుధాగారానికి వెళ్లి, అక్కడ దాచిన ఆ జెండా ముందు నిలబడేవాడు. చెయ్యి చాపేవాడు, మళ్లీ వెనక్కి తీసుకునేవాడు.

"ముట్టుకుంటే కరుస్తుందేంట్రా?" అన్నాను ఒకసారి.

"ఒక్కసారి మొయ్యాలిరా. ఓ వంద అడుగులు చాలు. జనం అనుకుంటున్నది కొంచెమైనా నిజమవుతుంది." నాకు తిట్టాలనీ అనిపించింది, భుజం మీద చెయ్యి వెయ్యాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

జెండాలేమో చీకిపోతున్నాయి. మా ముసలి సిపాయిలే జ్ఞాపకానికంటూ కొసలు కత్తిరించి జేబుల్లో వేసుకుపోతున్నారు. అందుకని ఆరిన్ చట్టం తెచ్చాడు. జెండాలన్నిటినీ రాజధాని భవనంలో గాజు బీరువాల్లో పెట్టి తాళం వెయ్యాలి. ఆ తర్వాత ఎవరూ బయటికి తియ్యకూడదు. ఆగస్టులో చివరి ఊరేగింపు. ఏ పటాలం జెండాను ఆ పటాలం మనిషే మొయ్యాలి. మావాళ్లు చర్చే లేకుండా ఆరిన్ పేరు చెప్పారు.

అప్పటినుంచి వాడు పెళ్లికొడుకైపోయాడు. కొత్త కోటు కుట్టించుకున్నాడు. పందుల దొడ్డి వెనకాల పార కర్ర ఎత్తిపట్టుకుని నడక సాధన చేస్తుంటే చూశాను.

"పందులు కూడా సలాం కొడుతున్నాయిరా!" అన్నాను. సిగ్గుపడి నవ్వాడు. నెరిసిన గడ్డంతో అలా నవ్వుతుంటే జాలేసింది.

ఊరేగింపు రోజు ఉదయం ఆయుధాగారం ముందు బారులు తీరుతున్నాం. నల్ల గౌనులో ఒక ఆడమనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆరిన్ ముందు నిలబడింది. నేహమ్ చెల్లెలు కెజయా. వాడి శవం ఇంటికి రాలేదు. టెన్నెస్సీలో, యుద్ధం జరిగిన చోటే, ఏదో కందకంలో పదిమందితో కలిపి పూడ్చారు.

"అమ్మ పోయేదాకా రోజూ ఒకటే మాట, ఆరిన్. 'వాడు చివర్న ఏమన్నాడో కనుక్కోవే' అని. వాడి చేతిలోంచి జెండా తీసుకుంది నువ్వే కదా. ఏమన్నాడు?"

అమ్మను తలచుకున్నాడని చెబితే సరిపోయేది. ఇన్నేళ్ల రాజకీయం ఆమాత్రం నేర్పదా? చెప్పెయ్యరా అని మనసులో నేనే బతిమాలాను.

"నేను తీసుకోలేదు, కెజయా," అన్నాడు ఆరిన్. చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. "'ఆరిన్, ఇదిగో, పట్టుకో' అన్నాడు. రెండుసార్లు అన్నాడు. నాకు వినపడింది. లేవలేదు."

పిలిచిన సంగతి నాక్కూడా అప్పటిదాకా తెలియదు. ఆమె వాడిని కొడుతుందనుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే:

"కోప్పడ్డాడా?"

"లేదమ్మా. అన్నానికి పిలిచినట్టు పిలిచాడు."

ఆమె మొహానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. ఇంతలో మా పటాలం పేరు పిలిచారు. అధికారి జెండా కర్రను ఆరిన్ ముందుకు చాపాడు. వాడి చెయ్యి లేచింది. ముప్పై రెండేళ్లు ఎదురుచూసిన వస్తువు జానెడు దూరంలో ఉంది.

"ఈమెకివ్వండి," అన్నాడు. "విట్‌కోంబ్ చెల్లెలు."

"ఆడవాళ్లు మొయ్యడమేంటండీ?" అన్నాడు అధికారి.

"చట్టం రాసింది నేనేనయ్యా. కూడదని అందులో ఎక్కడా రాయలేదు."

అధికారి కర్రను ఆమె వైపు తిప్పాడు. కెజయా కర్ర అందుకుంది. "ఇంత తేలిగ్గా ఉందేం?" అంది, ఎవరినీ అడగకుండానే.

ఎండలో మైలు దూరం నడిచాం, నేను నా కొయ్యకాలు మీద. ఆరిన్ ఆమె పక్కనే నడిచాడు, ఆ రోజు నేహమ్ పక్కన నడిచినట్టే. దారి పొడుగునా జనం "జెండా హాడ్లాక్!" అని కేకలేస్తూనే ఉన్నారు. వాడు తలెత్తలేదు. భవనం మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె అలిసిపోయింది, కర్ర ఊగింది. ఆరిన్ రెండు చేతులూ చాపి, కర్రకు తగలకుండా దాని కింద ఉంచాడు. మెట్టు మెట్టుకీ అలాగే ఎక్కాడు. ఆమె జెండాను బీరువాలో పెట్టింది. తాళం పడింది.

వాడి చేతులు ఇంకా చాపే ఉన్నాయి. నేనే వెళ్లి కిందికి దించాను.