బెల్లం మేస్త్రీ

ఆదిలాబాద్‌లోని ఆ జిన్నింగ్ మిల్లులో పరశురాములును అందరూ బెల్లం మేస్త్రీ అంటారు. పత్తి సీజన్ మొదలైందంటే చాలు, పని దిగే ఆడవాళ్లకు తలా ఒక బెల్లంగడ్డ చేతిలో పెడతాడు. "తిను బిడ్డా, పొద్దంతా మింగిన దూది కడుపులకు జారిపోతది" అంటాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే మాట. బెల్లం మిల్లు యజమాని సేటుది, గొప్ప ఈయనది! ఎవరైనా ముక్కుకు గుడ్డ కట్టుకుని కనబడితే, "ఏందే, పెండ్లిపిల్ల లెక్క ముసుగేసినవ్?" అని పదిమందిని నవ్వించి మరీ విప్పించేవాడు.

ఆయన భార్య బాలవ్వ మూడో మిషన్‌లో పత్తి వేసేది. ఆమె ఏనాడూ గుడ్డ కట్టలేదు. మేస్త్రీ పెండ్లామే కట్టుకుంటే మిగతావాళ్లు ఊరుకుంటారా? మూడు చలికాలాల నుంచి ఆమెకు దగ్గు. దీపావళికి పట్టుకుంటే హోలీ దాకా వదలదు. గల్లీలోని ఆరెంపీ డాక్టరు వచ్చినప్పుడల్లా ఒక సూది పొడిచి, ఐదు రోజులకు గోళీలు ఇచ్చేవాడు. వారం తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది. ఈసారి మాత్రం నీళ్లబిందె ఎత్తుకుని నాలుగు మెట్లు ఎక్కలేక గడపలోనే కూలబడింది. పరశురాములు ఉరికొచ్చి లేపి కూర్చోబెట్టాడు. అప్పుడు గానీ దవాఖాన గుర్తుకు రాలేదు ఆ పెద్దమనిషికి.

డాక్టరమ్మ మమతారాణి ఎక్స్‌రే తీయించింది, తెమడ పరీక్ష చేయించింది. టీబీ కాదు, బ్రాంకైటిస్ అంది.

"ఊపిరితిత్తులకు గాలి పోయే గొట్టాలు వాచినయి. జలుబుతోని వచ్చే దగ్గయితే రెండు మూడు వారాలల్ల దానంతటదే పోతది, సూదులు చానాసార్లు అక్కరనే ఉండది. ఈమెది ఏటా నాలుగు నెలలు, మూడేండ్ల సంది. పాతుకపోయింది. మొత్తం పోదు, అదుపుల పెట్టుకోవాలె."

మందు పీల్చే ఇన్‌హేలర్ పంపు ఒకటి బాలవ్వ చేతిలో పెట్టి, ఎలా పీల్చాలో రెండుసార్లు చూపించింది.

"పంపు అలవాటైతే ఇడువదంటరు గద మేడం?" అన్నాడు పరశురాములు.

"ఎవరన్నరు? అది గొట్టాలను తెరుస్తది, అంతే. గని గా దుమ్ములనే నిలవడి పంపు పీలిస్తే ఏం లాభం? ముందుగాల మిల్లు మాన్పియ్యి. కట్టెలపొయ్యి పొగ గూడ వద్దు."

"రోజు బెల్లం తింటది మేడం..."

డాక్టరమ్మ నవ్వలేదు. "బెల్లం పొట్టలకు పోతది. దుమ్ము ఊపిరిలకు పోతది. రెండు తొవ్వలు వేరు."

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డారు. బాలవ్వ ఆయాసం తీర్చుకుని అడిగింది. "గిన్నేండ్లు అందరి గుడ్డలు ఇప్పిస్తివి. నాదేదో అయిపాయె. గా ఆడపిల్లలకన్న రేపు నిజం చెప్తవా?"

"చెప్త" అన్నాడు. అన్నప్పుడు నిజంగానే అన్నాడు పాపం.

తెల్లారి తిన్నగా సేటు దగ్గరికే పోయాడు. ముక్కులకు మాస్కులు ఇప్పించమని, దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించమని బతిమిలాడాడు. సేటు చాయ్ తాగుతూ అంతా విన్నాడు.

"మూతులకు గుడ్డలు కనవడితే చూసెటోళ్లు ఏమనుకుంటరు పరశూ? గీ ముచ్చట బయటికి పోతే మిల్లుకు తాళమే. ముందు పోయేది నీ నౌకరే. ఇప్పుడు నీ పెండ్లాం గూడ ఇంట్లనే ఉండె. జర సోంచాయించు." లేచి భుజం తట్టాడు. "ఇయ్యాల్టి సంది బెల్లం డబల్ చెయ్యి, పో."

పరశురాములు తల ఊపాడు. ఛీ, ఏం బతుకు!

మూడో మిషన్ ఖాళీగా ఉంది. కొత్తగా చేరిన నవనీతను అక్కడ నిలబెట్టాడు. బాలవ్వ ఊరి పిల్లే, పందొమ్మిదేళ్లుంటాయి. ముక్కుకు చున్నీ కట్టుకుంది.

"మామా, బాలవ్వత్త రాలేదేంది? ఏమైంది?"

ఆఫీసు గడపలో సేటు నిలబడి చూస్తున్నాడు.

"ఏం కాలే, జర సర్ది" అన్నాడు పరశురాములు. "గా చున్నీ తీసెయ్యి బిడ్డా. మిషన్ల పడితే పాణం మీదికొస్తది."

పిల్ల భయపడి వెంటనే తీసేసింది. మిషన్ నడిచింది. తెల్లటి దుమ్ము లేచి మొహమంతా కమ్మితే ఒకటే దగ్గింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాలవ్వ గోడకు ఆనుకుని పంపు పీలుస్తోంది. ఆయన చెప్పులు విడిచేదాకా కూడా ఆగలేదు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"గా నవనీతకు? మా ఊరి పిల్ల అది, తల్లి లేనిది."

"అందరికన్న ముందుగాల దానికే చెప్పిన" అన్నాడు పరశురాములు.