డబ్బా మీద పొడి అని రాశాను

పంతొమ్మిదేళ్లుగా రాళ్లు నూరుతున్నాను. ల్యాబులో అందరూ నన్ను మిల్లక్క అంటారు. నడుము పనైపోయింది, మోకాళ్లు నా మాట వినడం ఎప్పుడో మానేశాయి. మా చెల్లెలు ఇదే ల్యాబులో, పై అంతస్తులో సైంటిస్టు. అంగారకుడి మీద పొరలు పొరలుగా ఉన్న ఒక రాతిగుట్ట కోసం ఆరేళ్లుగా తిండీ తిప్పలూ మానేసింది. ఆ పొరల్లో బంకమట్టి ఉందనీ, అది ఇంకా నీటిని పట్టుకునే ఉందనీ, అంటే ఒకప్పుడు అక్కడ చెరువు నిలిచిందనీ దాని వాదన. ఉన్న సాక్ష్యమల్లా ఒక్కటే. ఆ గుట్ట నుంచి వచ్చిన వెలుగును కొలిచి అంతరిక్ష నౌక పంపిన గ్రాఫు గీత, నేను నూరిన బంకమట్టి గీత అచ్చం ఒక్కలాగే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం సైన్సు పత్రికకి తన వ్యాసం పంపేముందు కిందికి దిగొచ్చి, నా స్టూలు లాక్కుని కూర్చుని పైకి చదివింది.

"రోజంతా ఓవెన్‌లో ఆరబెట్టిన బంకమట్టితో పోల్చి చూశాం..."

"ఆగాగు. ఎవరు ఆరబెట్టారే?"

"నువ్వే కదక్కా! డబ్బా మీద పొడి అని రాశావుగా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పొడి అంటే నూరిన పొడే! తడి లేదని నేనెక్కడ రాశాను?"

మూడు నెలలుగా బయట ముసురు. ఆ మట్టిలో ఉన్న నీళ్లలో సగం మా గోడల చెమ్మే అయ్యుంటుంది.

ఓవెన్ వేశాం. మర్నాడు సాయంత్రం మళ్లీ గీత తీశాం. నీటిని చూపించే చోట ఉన్న లోతైన గుంట కాస్తా చిన్న సొట్టయింది. అంగారకుడి గీతతో పొంతనే లేదు.

"అయితే అక్కడ నీళ్లు లేవంటావా?" అన్నాను.

"లేవని కాదక్కా. ఎండిన బంకమట్టితో గీత కలవకపోతే ఆ గుట్టలో ఉన్నది బంకమట్టే అని ఎలా చెప్పను? ఉండేవని చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు." దాని గొంతులో కోపం కూడా లేదు, ఒట్టి అలసట. తిట్టినా బాగుండేది.

వ్యాసం మొదటి పేజీ తీసి కలంతో అడ్డంగా కొట్టేయబోయింది. దాని పేరు కింద నా పేరుంది.

"ఏంటే ఇది?"

"అచ్చయ్యాక చూపిద్దామనుకున్నాలే" అని రెండు పేర్లూ కొట్టేసింది.

ఇన్నేళ్లలో నా పేరు ఒక కాగితమెక్కడం అదే మొదటిసారి. దాని ముందు ఏడవడం ఇష్టంలేక మొహం తిప్పుకున్నాను. నిన్న నోరు మూసుకుని ఊరుకుంటే పోయేది కదా అనిపించింది. అబద్ధమెందుకు, నిజంగానే అనిపించింది.