అంగుళం మాస్టారు కొలవని పాదం

పెన్సిలు జారిందనుకున్నాడు అంగుళం మాస్టారు. ముప్పై ఏళ్ళుగా జనం పాదాల చుట్టూ పెన్సిలు తిప్పుతున్న చెయ్యి అది, జారడం ఎరగదు. అయినా కాగితం మీద కనిపిస్తున్నది నమ్మబుద్ధి కాక, నెపం పెన్సిలు మీదకు నెట్టేశాడు.

"ఇంకో కాగితం ఇవ్వమ్మా," అన్నాడు ఫిజియోథెరపీ అమ్మాయితో.

ఆ అమ్మాయి ఇచ్చింది. మాస్టారి భార్య దానిమీద మళ్ళీ కాలు మోపింది. ఆయన నేలమీద మోకాళ్ళూని, ఊపిరి బిగబట్టి, మడమ దగ్గర మొదలుపెట్టి వేళ్ళ చుట్టూ తిప్పి మళ్ళీ మడమ దాకా గీశాడు. ఆవిడ కాలు తీసింది. ఆ గీత మీద తాను స్వయంగా కుట్టిన బూటు తెచ్చి పెట్టాడు. బూటు చుట్టూ గీత కనిపిస్తూనే ఉంది. వేళ్ళ ముందు బొటనవేలి గోరంత, పక్కల ఇంకాస్త తక్కువ. పెద్ద పళ్ళెంలో చిన్న గిన్నె పెట్టినట్టుంది.

బూటు తీసి మళ్ళీ పెట్టి చూశాడు. అంతే.

ఈయన్ని అందరూ అంగుళం మాస్టారని ఊరికే అనరు. మనిషి వీధి మలుపు తిరుగుతూ ఉండగానే కాలి సైజు చెప్పేస్తాడని పేరు. ఆ పేరును జనం మోసినదానికంటే ఆయనే ఎక్కువ మోశాడనుకోండి, అది వేరే సంగతి. ఇంటి ముందు గదే దుకాణం. గోడ పొడుగునా అరలు, అరల నిండా వాడుకగా వచ్చేవాళ్ళ కాళ్ళ కొలతకు చెక్కిన కొయ్య అచ్చులు. ఒక్కోదాని మెడకు ఒక్కో నంబరు చీటీ. చీటీ లేని అచ్చు ఒకటే ఉంది, భార్యది. పెళ్ళయిన వారానికి చెక్కాడు. ఆవిడ అప్పటినుంచీ ఆయన కుట్టిన బూట్లే తప్ప వేరేవి తొడిగి ఎరగదు. "నా భార్య కాలు నా చేతికి తెలుసు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఆవిడ ఒక పెద్ద ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర రోజుకి ఎనిమిది గంటలు నిలబడుతుంది. మూడేళ్ళనుంచి మడమనొప్పి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటుందనేది. వేడినీళ్ళయ్యాయి, మంచుముక్కలయ్యాయి, పాదం కింద సీసా పెట్టి దొర్లించడమైంది, రెండు ఇంజెక్షన్లయ్యాయి. ఒక్కోటి నాలుగు రోజులు ఊరించి వదిలేసింది. చివరికి డాక్టరుగారు ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్ అంటే నెలల తరబడి నిలబడకూడదు. అన్నాళ్ళు బల్ల ఖాళీగా ఉంచలేమని లాండ్రీవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేశారు. ఆవిడ ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ బల్ల అంటే ఆవిడకు ప్రాణం. ఆపరేషన్ ఇంకో తొమ్మిది రోజులుందనగా, "కత్తి పెట్టించుకునే ముందు ఇంకొక్కరికి చూపిద్దాం నాన్నా" అని కూతురు పోరుపెట్టి ఇక్కడికి పంపించింది.

ఫిజియోథెరపీ అమ్మాయి కాలు చూసింది, పిక్కలు నొక్కింది, విప్పిన బూట్లు తిరగేసి చూసింది. మాస్టారి వృత్తి తెలుసుకుని, "అయితే పాదం కొలత మీరే గీయండి, నాకంటే మీకే బాగా వచ్చు," అంది. అలా ఆయన తాను తవ్వుకున్న గోతిలో తానే దిగాడు.

"ఈ బూట్లు కుట్టిన అచ్చు ఎప్పటిదండీ?" అని అడిగిందిప్పుడు.

"ఇరవై ఆరేళ్ళయింది."

"తర్వాత మళ్ళీ కొలిచారా?"

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆవిడ గోడమీది గడియారం వైపు చూసింది.

"కాన్పులయ్యాక పాదం పెరగడం, అరికాలి వంపు కాస్త దిగడం చాలామందికి ఉండేదే," అంది ఆ అమ్మాయి. "బూటు ఒక్కటే కారణమని నేననను. పిక్కలు బిగుసుకుపోయాయి, రోజంతా నిలువుకాళ్ళ మీద పని. కానీ ఈ బూట్లలో ఉన్నంతకాలం నేనేం చేయించినా అంతంతమాత్రమే."

"నొప్పి మొదలయ్యాక మెత్తగా ఉండాలని లోపల స్పాంజి వేశానమ్మా. తగ్గలేదంటే ఇంకో పొర వేశాను. ఈ జతకి మూడు పొరలు." ఆ మాట అంటూనే ఆయన ఆగిపోయాడు. అచ్చు అదే, తోలు అంతే. లోపల పొర పెరిగితే కాలికి చోటెక్కడిది? పొర వేసిన ప్రతిసారీ బూటును ఇంకాస్త బిగించాడన్నమాట. వైద్యమనుకుని మూడేళ్ళుగా చేసిందంతా అది.

ఆ అమ్మాయి ఆవిడ వైపు తిరిగింది. కాళ్ళు చక్కగా పట్టే, అడుగు గట్టిగా ఉండే బూట్లు వేసుకోమంది. మంచం దిగకముందే తువ్వాలు వేళ్ళకు తగిలించి పాదాన్ని తనవైపు లాక్కోమంది. మెట్టు అంచున వేళ్ళమీద నిలబడి మడమలను నెమ్మదిగా కిందికి దించి పైకి లేపడం నేర్పింది. "మూడు నెలలు విడవకుండా చెయ్యండమ్మా. ఆపరేషన్ అప్పటిదాకా ఆపమని డాక్టరుగారితో నేను మాట్లాడతాను. తగ్గే అవకాశమే ఎక్కువ," అంది.

ఇంటికొచ్చాక మాస్టారు దుకాణం తలుపు వేసి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"బిగుతుగా ఉన్నాయని ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్పానండీ."

"ఎప్పుడు?"

"పెద్దది పుట్టాక ఒకసారి. చిన్నాడు పుట్టాక రెండుమూడు సార్లు. పోయినేడు ఆ గోధుమరంగు జత ఇచ్చిన రోజు కూడా."

"నేనేమన్నాను?"

"తోలు సాగుతుంది, నాలుగు రోజులు తొడుక్కో అన్నారు. ఇంకోసారి, నీ కాలు నాకు తెలియదా అన్నారు." ఆవిడ గొంతులో కోపం లేదు. "నేనూ నిజమేననుకున్నాను. కాళ్ళ సంగతి మీకంటే నాకేం తెలుసు? నా కాలులోనే ఏదో లోపముందనుకున్నాను."

తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి. దారినపోయే మనిషి వచ్చి కాస్త పడుతోందంటే చేతిలో పని పక్కన పడేసి మళ్ళీ కొలత తీసుకునేవాడు. ఆ మర్యాద ఊళ్ళో ప్రతి కాలికీ దక్కింది. ఇంట్లో ఉన్న కాలికి దక్కలేదు. సిగ్గుతో ఆయనకు తలెత్తబుద్ధి కాలేదు.

"రేపటికల్లా కొత్త అచ్చు చెక్కుతాను," అన్నాడు.

"వద్దండీ. ఈసారికి కొట్లో కొనుక్కుంటాను."

"కొట్లోనా? ఆ జిగురుపెట్టి అతికించినవా?"

"అవే. నొప్పి లేకుండా నడిస్తే ఎలా ఉంటుందో ముందు నన్ను చూసుకోనివ్వండి. తర్వాత మీరు కుడితే తొడుక్కుంటాను."

పెళ్ళయ్యాక ఆవిడ ఆయన్ని కాదన్నది అదే మొదటిసారి.

మర్నాడు ఆవిడ ఆకుపచ్చ బూట్లు కొనుక్కొచ్చింది. ఆ రంగు చూస్తే మాస్టారికి కళ్ళు మండాయి. ఆవిడ పడుకున్నాక వాటిని తిరగేసి, మడిచి, అతుకులు లాగి చూశాడు. వంక దొరకలేదు. రోజూ ఆవిడ మెట్టుమీద మడమలు దించుతుంటే కింద నిలబడి లెక్కపెట్టడం తన పనిగా పెట్టుకున్నాడు. మూడు వారాలు ఏ మార్పూ లేదు. నాలుగోవారం నొప్పి కాస్త ఎక్కువైంది కూడా. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. ఏడోవారంలో ఒక పొద్దున మంచం దిగి ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళాక గానీ నొప్పి రాలేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

మూడు నెలల తర్వాత చూపించుకోవడానికి మళ్ళీ ఇద్దరూ బయల్దేరారు. సగం దారిలో మాస్టారు పక్కకు తిరిగి ఏదో చెప్పబోతే పక్కన ఆవిడ లేదు. నాలుగు దుకాణాల అవతల జనాన్ని తప్పించుకుంటూ చకచకా పోతోంది. ఆవిడది మొదటినుంచీ నెమ్మది నడకేనని ఇంటిల్లిపాదీ అనుకునేవారు. ఆవిడ కోసం తన అడుగు తగ్గించి నడుస్తున్నానని, అది తన మంచితనమని మాస్టారికి లోలోపల ఒక లెక్క ఉండేది.

రొప్పుతూ వెళ్ళి ఆవిడని అందుకున్నాడు.

"ఇంత వేగం ఎప్పుడు నేర్చుకున్నావే?"

"నేర్చుకోవడమేంటండీ, పెళ్ళికి ముందు ఇలాగే నడిచేదాన్ని. కొత్తలో సిగ్గుపడి మీ వెనకే నడిచాను, తర్వాత కాలు సాగలేదు," అంది ఆవిడ ఆగకుండానే.

మాస్టారి కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. ఇద్దరు పిల్లల్ని కన్న మనిషి, ఒకే మంచం పంచుకున్న మనిషి, ఎలా నడుస్తుందో ఇన్నేళ్ళూ తనకు తెలియదు. ఎవరో భుజం తగిలించి విసుక్కుంటూ పోయారు. ఆయన కళ్ళు తుడుచుకుని, ఆ ఆకుపచ్చ బూట్లు ఎక్కడున్నాయో జనంలో వెతుక్కుంటూ గబగబా అడుగేశాడు.