మద్దిలేటి రెడ్డి చెవులు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మంత్రిగిరీ వెలగబెట్టిన మద్దిలేటి రెడ్డి, పదవి పోయాక నంద్యాలలో ఇంటి పంచలో కూర్చుని ఒక మహోపన్యాసం రాశాడు. పేరు ‘స్వేచ్ఛ, సహనం, పౌరశీలం’. అందులో ఆయన మురిసిపోయే వాక్యం ఒకటుంది: “నన్ను తిట్టే హక్కు నీకు లేనిచోట నాకూ స్వేచ్ఛ లేదు.” మంత్రిగా ఉన్నన్నాళ్లూ ఈ ముక్క తట్టలేదు. తట్టడానికి తీరికెక్కడిది పాపం!

ఆ ఉపన్యాసాన్ని ఆగస్టు పదిహేనున తన రాతి విగ్రహం ముందే చదవాలని ఆయన కోరిక. విగ్రహాన్ని అభిమానులు చేయిస్తున్నారు. అభిమానులను ఆయనే పోగుచేశాడు. పని ఆళ్లగడ్డ శిల్పి గురవయ్యకు అప్పగించారు. చూడబోయిన రెడ్డి గడపలోనే ఆగిపోయాడు. ముక్కు తనదే, మీసం తనదే. చెవులు మాత్రం భుజాల దాకా వేలాడుతున్నాయి.

“ఏందప్పా ఇది?”

“అలవాటు సామీ,” గురవయ్య తల గోక్కున్నాడు. “నలభైయేండ్లుగా దేవుండ్లనే చెక్కితి. చెవుల కాడికొచ్చేతలికి చెయ్యి దాని దారిన అది పోయింది.”

“తొందరగా తగ్గించు.”

“బొమ్మకు ఆఖరున కండ్లు చెక్కి తెరిసే ముందు సంతనాడు వాకిట్లో పెడతాం సామీ. దావన పోయేవాళ్లు వంకలు చెప్తారు, మేం నోరెత్తకూడదు. వాళ్లు చెప్పిందే సరిచేసేది. మా నాయన కాలం నుంచీ ఇంతే.”

రెడ్డికి ధైర్యమొచ్చింది. ఆ చెవులు చూసి నవ్వనివాడెవడు? సంతనాడు తలకు తువ్వాలు చుట్టుకుని, గురవయ్య వాకిటికి ఎదురుగా ఉన్న టీకొట్టు బల్లమీద ఓ మూల కూర్చున్నాడు.

కోయిలకుంట్ల శనగల బండాయన ఆగాడు. “నోరు మూసినట్లు చెక్కినావే, ఎప్పుడన్నా మూసినాడా ఆయప్ప?” అన్నాడు. వెనకాయన, “చేతులు జోడించినావు. ఓట్లు అయిపోయినాక గూడా జోడిస్తాడా?” అన్నాడు. రెడ్డికి టీ గొంతులో అడ్డంపడింది. ఉపన్యాసంలో సహనం గురించి పన్నెండు పేజీలున్నాయి, ఒక్కటీ సాయానికి రాలేదు. చెవుల ఊసు ఎవడూ ఎత్తడే!

చివరికి ఏసమ్మ వచ్చింది. నంద్యాల పక్క పాలెంలో కూలి చేసుకునే మనిషి, ఆళ్లగడ్డ సంతకని వచ్చింది. విగ్రహాన్ని ఎగాదిగా చూసింది.

“ఈ చెవులు ముట్టుకోగాకు గురవన్నా. మా పాలెంలో బాయి తవ్వించమని ఆయప్పకు మూడుతూర్లు చెప్పినాం. ఆ చెవులకు ఎక్కలే. ఈ రాతి చెవులకన్నా ఎక్కుతాదేమో.”

రెడ్డి ఒక్క ఉదుటున లేచాడు. తువ్వాలు జారిపోయింది. “నేను ఇనలేదని ఎవరు చెప్పినారు నీకు?”

సంతంతా ఇటు తిరిగింది. ఏసమ్మ బెదరలేదు. “ఇంటే మరి బాయి యాడుంది సామీ?”

రెడ్డికి సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. విన్నాడు, మూడుసార్లూ విన్నాడు. మూడుసార్లూ తల ఊపి కారెక్కాడు.

“మీరూ దావన పోయేవాళ్లే గదా సామీ,” గురవయ్య ఉలి అందుకున్నాడు. “చెవులు తగ్గించేదా?”

“ఉండనీ,” అన్నాడు రెడ్డి ఏడుపుమొహంతో.

ఆగస్టు పదిహేనున తెర తీయగానే నంద్యాల పకపకా నవ్వింది. ఉపన్యాసం ఎవరి చెవినా పడలేదు. మర్నాటి నుంచి ఇంకో తంటా. నందుల ఊరు కదా, నంది చెవిలో కోరిక చెప్పుకోవడం జనానికి అలవాటే. అంతలేసి చెవులు కనబడితే ఊరుకుంటారా? ఒకడు కాలవ గురించి, ఇంకొకడు బడి కప్పు గురించి రాతి చెవిలో గుసగుసలు మొదలుపెట్టారు. ఆపించమని అభిమానులు చిందులేశారు. ఆపిస్తే ఆ ‘తిట్టే హక్కు’ వాక్యం ఏం కావాలి? రెడ్డికి రెండురోజులు అన్నం సయించలేదు.

మూడోనాడు పొద్దున్నే ఏసమ్మ వచ్చింది. చర్చికి పోయే మనిషి, రాయికి మొక్కేది కాదు. అయినా నలుగురూ చెప్తున్నారు కదా అని కొంగు సర్దుకుని, మునివేళ్లమీద లేచి, “బాయి” అంది.

విగ్రహం వెనక నుంచి రెడ్డి వచ్చి పక్కన నిలబడ్డాడు. తలపాగా తీసి మెడ వంచాడు.

“ఆడ చెప్తే నాకు రాదమ్మా. ఈ చెవిలో చెప్పు.”

“మూడుతూర్లు చెప్పినాం గదా సామీ.”

“నాలుగోతూరి చెప్పు.”

ఏసమ్మ గుసగుసలాడలేదు. బజారంతా వినబడేట్టు అరిచింది. చెవి దిమ్మెక్కినా రెడ్డి మెడ ఎత్తలేదు.